అన్నీ పారదర్శకమైతే చూపుకు పనేముంటుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో కళ్ల పరీక్షలు చేసే పని నాది. స్కూళ్లకు, కాలేజీలకు క్యాంపులకు పోయినప్పుడు పిల్లలు ఎక్కువగా సైటు ఎందుకొస్తుందని, ఫోన్ చూస్తే కళ్లు పోతాయా అని అడుగుతారు. ఎప్పుడన్నా ఒకసారి ఇంటర్ చదివే పిల్లలు ఇంకో ప్రశ్న వేస్తారు: "సార్, లోకంల ఉన్నయన్నీ గాజు లెక్క ఉంటే ఇంకా మంచిగ కనబడ్తదా, లేకుంటే కండ్లతోని పనే ఉండదా?" నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే కన్ను ఎట్లా పనిచేస్తుందో మొత్తం తెలుస్తుంది.

అపోహ: అడ్డు తొలగితే అన్నీ కనబడతాయి.

గోడలు, గుట్టలు, చెట్లు పారదర్శకమైతే ఇక్కడే నిలబడి శ్రీశైలం డ్యాం చూసేయొచ్చని పిల్లల ఊహ. కానీ ఆ డ్యాం కూడా పారదర్శకమే కదా! దాని మీద పడ్డ వెలుతురు అవతలికి వెళ్లిపోతుంది, మన దగ్గరికి రాదు. ఏదైనా కనబడాలంటే వెలుతురు దాన్ని తాకి, కొంత అందులోనే ఇంకి, మిగతాది చెదిరి మన కంటివైపు రావాలి. వేపాకు ఎరుపును, నీలాన్ని ఎక్కువగా తనలోకి తీసుకుంటుంది కాబట్టి పచ్చగా ఉంటుంది. నల్లరేగడి చాలావరకు మింగేస్తుంది కాబట్టి నల్లగా ఉంటుంది. ఎర్ర చెల్క నేల ఎరుపును వెనక్కి పంపుతుంది. అడ్డుకునే గుణం పోతే ఈ రంగులన్నీ పోతాయి.

అపోహ: పారదర్శకమైన వస్తువు అస్సలు కనబడదు.

కనబడుతుంది. గాజు గ్లాసు మనకు కనబడటం లేదా? గాలికి, గాజుకు మధ్య వెలుతురు వంగుతుంది. సూటిగా పడ్డ వెలుతురులో సుమారు 4 శాతం ప్రతి ఉపరితలం దగ్గర వెనక్కి తిరుగుతుంది. ఆ మెరుపు, ఆ వంపు వల్లే గ్లాసు అంచు తెలుస్తుంది. వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే లెక్క వక్రీభవన గుణకం. గాలికి అది దాదాపు 1, నీటికి 1.33, మామూలు గాజుకు సుమారు 1.5.

ఇంట్లో చేసి చూడదగ్గ ప్రయోగం ఒకటి ఉంది. మన జిల్లాల్లో పల్లినూనెకు కొదవ లేదు. ల్యాబుల్లో వాడే బోరోసిలికేట్ గాజు టెస్ట్‌ట్యూబు తీసుకుని, దాన్నిండా పల్లినూనె పోసి, నూనె ఉన్న గ్లాసులో నిలువుగా దించండి. ఆ గాజుకూ నూనెకూ గుణకం దాదాపు ఒక్కటే, 1.47 దగ్గర. నూనెలో మునిగిన మేర ట్యూబు మాయమవుతుంది, నూనె పైన ఉన్న ముక్క మాత్రం కనబడుతుంది. వేలుపెట్టి తడిమితే ట్యూబు అక్కడే ఉంటుంది. పిల్లల ముందు ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో వాళ్లు ముందుకు వంగి చూస్తారు.

అందుకే పారదర్శక లోకాలు రెండు రకాలు. గుణకాలు వేర్వేరుగా ఉన్న లోకంలో అంచులు, తళుకులు, వంగిన వెలుతురు, అక్కడక్కడ ఇంద్రధనుస్సు రంగులు ఉంటాయి. ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడం కష్టమే కానీ చూపుకు కొంత పని మిగులుతుంది. అన్నింటికీ గుణకం ఒక్కటే అయితే అంచులు కూడా ఉండవు.

ఆ రెండో లోకంలో కన్నే చెడిపోతుంది. బాయిలో ఈత కొట్టినవాళ్లకు ఇది అనుభవమే: నీళ్లల్లో కళ్లు తెరిస్తే అంతా మసక. మన కంటికి మొత్తం 60 డయాప్టర్ల (వెలుతురును వంచే పవర్‌కు కొలమానం) దాకా పవర్ ఉంటే అందులో 43 దాకా కార్నియాదే, అంటే నల్లగుడ్డు మీదుండే స్వచ్ఛమైన పొరది. ఆ పవర్ గాలికీ కార్నియాకీ ఉన్న తేడా నుంచి వస్తుంది. కార్నియా గుణకం 1.376, నీటిది 1.33. తేడా తగ్గగానే పవర్ దాదాపు పోతుంది. గాగుల్స్ పెట్టుకుంటే కంటి ముందు మళ్లీ గాలి నిలుస్తుంది కాబట్టి చూపు తిరిగొస్తుంది.

అపోహ: కన్ను ఎంత తేటగా ఉంటే చూపు అంత బాగుంటుంది.

సగమే నిజం. కంటి ముందు భాగం తేటగా ఉండాలి, అందుకోసం శరీరం పడే తిప్పలు ఆశ్చర్యం కలిగిస్తాయి. కార్నియాలో రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్‌ను చాలావరకు కన్నీటి ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. లెన్స్‌లోని కణాలు వెలుతురుకు అడ్డు రాకుండా తమ కేంద్రకాలనే వదిలేసుకుంటాయి. కానీ కంటి వెనక తెరలా ఉండే రెటీనా వెలుతురును ఆపి తీరాలి. అక్కడ రొడాప్సిన్ వంటి పదార్థాలు వెలుతురును పీల్చుకుని రూపం మార్చుకుంటేనే నరాల్లో కబురు మొదలవుతుంది. దాని వెనక నల్లటి మెలనిన్ పొర మిగిలిన వెలుతురు అటూ ఇటూ చెదరకుండా చూస్తుంది. పుట్టుకతో ఆల్బినిజం ఉన్నవాళ్లలో ఈ రంగు తక్కువ. ఎండలో కళ్లు తెరవడం వాళ్లకు కష్టం. రెటీనా మధ్యభాగం సరిగ్గా ఎదగకపోవడంతో చూపు కూడా తగ్గుతుంది.

అక్వేరియం షాపులో గ్లాస్ ఫిష్ అని అమ్మే చిన్న చేపను దగ్గరగా చూడండి. మన దేశపు మంచినీటి చేపే. ఒంట్లోంచి ముళ్లు లెక్కపెట్టొచ్చు, కన్ను మాత్రం నల్లగా ఉంటుంది. ఒళ్లంతా దాచుకోగలిగిన జీవి కూడా కంటిని దాచుకోలేదు. సినిమాల్లో మాయమయ్యే మనిషి నిజంగా పూర్తిగా పారదర్శకమైతే అతనికి ఏమీ కనబడదు.

అపోహ: వెలుతురు తెలిస్తే చూపు ఉన్నట్టే.

మా కేస్‌షీట్‌లో రెండు మాటలు రాస్తాం. టార్చి వేస్తే వెలుతురు తెలుస్తోందా అనేది పి.ఎల్., ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పగలుగుతున్నారా అనేది పి.ఆర్. బాగా ముదిరిన మోతిబిందు (శుక్లం) ఉన్న ముసలాయనకు ఈ రెండూ ఉంటాయి, మనవడి ముఖం మాత్రం కనబడదు. గుణకాలన్నీ ఒక్కటైన లోకంలో మనందరి కేస్‌షీట్ ఇంచుమించు అట్లాగే ఉంటుంది. అయినా ఆ చూపుకు అర్థం లేదనను. పగలు, రాత్రి తెలుస్తాయి. పొద్దు ఏ పక్కన ఉందో కొంతైనా తెలుస్తుంది. వస్తువులు మాత్రం ఉండవు.

ఎందుకంటే కన్ను పట్టుకునేది తేడాలను. మారనిదాన్ని అది వదిలేస్తుంది. రెటీనాలో వెలుతురును పట్టే కణాలకు ముందే రక్తనాళాలు పరుచుకుని ఉంటాయి. వాటి నీడ రోజంతా రెటీనా మీద పడుతూనే ఉన్నా ఎప్పుడూ అదే చోట పడుతుంది కాబట్టి మనకు తెలియదు. పరీక్షలో లైటు పక్కనుంచి వేసి కదిలిస్తే నీడ జరిగి ఒక్కసారిగా బయటపడుతుంది. ఒక పెద్దమ్మ అన్నది: "అయ్యో సారు, పిల్లలమర్రి ఊడలు కనబడ్తున్నయి." పిల్లలమర్రి అంటే మా దగ్గరి పెద్ద మర్రిచెట్టు. ఆమె చూసింది తన కంటిలోని రక్తనాళాల నీడనే.

మోతిబిందు గురించీ రెండు మాటలు. అది కంటి మీద పెరిగే పొర కాదు, చుక్కల మందుతో కరగదు. లోపలి లెన్స్‌లోని ప్రొటీన్లు గడ్డకట్టి వెలుతురును చెదరగొడతాయి. "ముదరనీ, అప్పుడు తీయిద్దాం" అని ఆగడం పాతకాలపు మాట. పనులకు ఇబ్బంది అవుతుంటే ఇప్పుడే డాక్టర్‌ను కలవండి. మరీ ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది.

ఇక కంటిపాప. అది నల్లగా ఉండేది లోపలికి పోయిన వెలుతురు చాలావరకు అక్కడే ఆగిపోతుంది కాబట్టి. ఫ్లాష్ వేసి ఫోటో తీసినప్పుడు ఎర్రగా మెరిస్తే అది కంటి వెనక ఉన్న రక్తం రంగు, దానికి భయం లేదు. చిన్నపిల్లల ఫోటోల్లో ఒక కంటిపాప తెల్లగా మెరుస్తుంటే మాత్రం వారం ఆగకండి. పుట్టుమోతిబిందు కావచ్చు, రెటీనాలో గడ్డ కావచ్చు, ఒక్కోసారి కెమెరా కోణం వల్లా కావచ్చు. ఏదో తేల్చాల్సింది కంటిపాపను పెద్దది చేసి లోపల చూసే డాక్టరే. ఫోన్‌లో ఉన్న ఆ ఫోటో కూడా తీసుకుపోయి చూపించండి.