లైనక్స్‌లో సర్టిఫికెట్లు: అపోహలు - వాస్తవాలు

లైనక్స్ డెస్క్‌టాప్‌లు చూసుకోవడం నా పని. సర్టిఫికెట్ అంటే, ఒక వెబ్‌సైట్ ఆ పేరు గలదేనని చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం. "సర్టిఫికెట్ వేశాం, అయినా ఎర్రర్ పోవట్లేదు" అని ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: ఎక్కడ వేశారు?

అపోహ: సిస్టమ్‌లో ఒకసారి వేస్తే అన్ని ప్రోగ్రాములూ నమ్ముతాయి.

వాస్తవం: అసలు గొడవంతా ఇక్కడే. ఎవరిని నమ్మాలో చెప్పే జాబితా లైనక్స్‌లో ఒక్కటే ఉండదు. డెబియన్, ఉబుంటుల్లో రూట్ సర్టిఫికెట్‌ను (సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ల సొంత సర్టిఫికెట్) /యూఎస్ఆర్/లోకల్/షేర్/సీఏ-సర్టిఫికెట్స్ ఫోల్డర్‌లో పెట్టి, అడ్మిన్ అనుమతితో 'అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్' కమాండ్ నడిపితే కర్ల్ (కమాండ్‌తో వెబ్ చిరునామాలు తెరిచేది), గిట్ (కోడ్ మార్పులు దాచేది) లాంటివి ఒప్పుకుంటాయి. ఫెడోరాలో ఫోల్డర్ వేరు, కమాండ్ 'అప్‌డేట్-సీఏ-ట్రస్ట్'. ఫైర్‌ఫాక్స్ మాత్రం మామూలుగా తన ప్రొఫైల్‌లో ఉన్న సొంత డేటాబేస్‌నే చూస్తుంది. (ఫెడోరా వాళ్లు ఇచ్చే ఫైర్‌ఫాక్స్ దీనికి మినహాయింపు, అది సిస్టమ్ జాబితానే చదువుతుంది.) క్రోమ్‌లోనూ దాని సెట్టింగ్స్‌కి వెళ్లి విడిగా చేర్చాలి. బయటి నుంచి దింపుకున్న జావాకు 'సీఏసర్ట్స్' అని తన ఫైల్ ఉంటుంది. పైథాన్‌లో వెబ్ చిరునామాలు తెరిచే రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడితే అది 'సర్టిఫై' ప్యాకేజీతో వచ్చిన జాబితాను పట్టుకుంటుంది.

ఒకసారి కర్ల్‌తో చక్కగా తెరుచుకున్న చిరునామా పైథాన్ స్క్రిప్ట్‌లో మాత్రం ఎర్రర్ ఇచ్చింది. సగం రోజు సర్వర్ వైపే వెతికాను. తప్పు నా మెషీన్‌లోనే ఉంది. 'రిక్వెస్ట్స్_సీఏ_బండిల్' వేరియబుల్‌లో సిస్టమ్ జాబితా దారి ఇవ్వగానే పని అయిపోయింది.

అపోహ: ఫైల్ పేరు ఎలా ఉన్నా పర్లేదు.

వాస్తవం: డెబియన్ కుటుంబంలో ఆ ఫోల్డర్‌లో పెట్టే ఫైల్ పేరు చివర '.సీఆర్‌టీ' అని ఉండి తీరాలి. '.పెమ్' అని ఉంటే కమాండ్ కిక్కురుమనకుండా దాన్ని వదిలేస్తుంది. తమాషా ఏంటంటే, లోపలి సరుకు మాత్రం పెమ్ ఫార్మాట్‌లోనే (సర్టిఫికెట్‌ను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి) ఉండాలి!

అపోహ: రూట్ సర్టిఫికెట్ చేర్చడమంటే ఆ ఒక్క సైట్‌ను నమ్మడమే.

వాస్తవం: కాదు. మామూలు రూట్ ఒకటి చేర్చారంటే, అది ఏ సైట్ పేరు మీద సర్టిఫికెట్ ఇచ్చినా మీ మెషీన్ తలూపుతుంది. మీ బ్యాంకు పేరు మీద ఇచ్చినా సరే. 2011లో సర్టిఫికెట్లు జారీ చేసే నెదర్లాండ్స్ కంపెనీ డిజినోటార్‌లోకి హ్యాకర్లు చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. వాటిలో గూగుల్ పేరు మీద ఉన్నదాన్ని ఇరాన్‌లోని వాడకందార్ల మీద ప్రయోగించారు. బ్రౌజర్లన్నీ డిజినోటార్‌ను జాబితాలోంచి తీసేశాయి, అదే ఏడాది ఆ కంపెనీ దివాలా తీసింది. అందుకే ఫోరమ్‌లో ఎవరో పెట్టిన రూట్‌ను నేను ముట్టుకోను. ఆఫీసు రూట్ అయినా పని ముగిశాక ఫైల్ తీసేసి, 'అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్' కమాండ్‌ను 'ఫ్రెష్' ఆప్షన్‌తో మళ్లీ నడుపుతాను. బ్రౌజర్లో చేర్చినదాన్ని అక్కడే విడిగా తీసేయాలి, అది చాలామంది మర్చిపోతారు.

అపోహ: టెస్టింగే కదా, తనిఖీ ఆపేస్తే ఏమవుతుంది?

వాస్తవం: తనిఖీ వద్దని కర్ల్‌కి '-కె' ఇస్తే ఆ ఒక్కసారితో పోతుంది. గిట్ గ్లోబల్ కాన్ఫిగ్‌లో 'ఎస్ఎస్ఎల్‌వెరిఫై' ఫాల్స్ అని రాస్తే మాత్రం తనిఖీ ప్రతిసారీ ఆగే ఉంటుంది, మీరు మర్చిపోయినా అది మర్చిపోదు.

అపోహ: తాళం గుర్తు ఉంటే సైట్ మంచిదే.

వాస్తవం: దారి భద్రమని మాత్రమే అర్థం. అవతల ఉన్నది దొంగ సైట్ అయినా తాళం పడుతుంది.

అపోహ: సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చిందంటే సర్టిఫికెట్‌దే తప్పు.

వాస్తవం: పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు అన్ని సర్టిఫికెట్లకూ 'ఇంకా అమల్లోకి రాలేదు' అనే వస్తుంది. ఒక్కసారిగా అన్ని సైట్లూ మొరాయించాయని టెన్షన్ పడుతూ ఎవరైనా వస్తే, ముందు 'డేట్' కమాండ్ కొట్టి మెషీన్ తేదీ చూడమంటాను.