అమరావతి శిల్పాలు లండన్ ఎలా చేరాయి: మధ్యలో ఈ వాల్టర్ ఎలియట్ ఎవరు

అమరావతి శిల్పాలు లండన్ నుంచి వెనక్కి తేవాలి అనే మాట అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటుంది. లేచిన ప్రతిసారీ ఒకళ్ళు దోచుకుపోయారంటారు, ఇంకొకళ్ళు వాళ్ళు పట్టుకెళ్ళకపోతే సున్నం బట్టీలో కాలిపోయేవి అంటారు, రెండిట్లోనూ ఎంతోకొంత నిజం ఉంది గానీ అసలు ఆ రాళ్ళు తవ్వించి ఊరు దాటించిన మనిషి పేరు మాత్రం పెద్దగా వినపడదు. సర్వేయర్ కల్నల్ మెకంజీ పేరు మనవాళ్ళకి బాగా తెలుసు, ఎలియట్ అంటే ఎవరు అంటారు. లండన్ వెళ్ళిన ఆ రాళ్ళకి చాలాకాలం వాడుకలో ఉన్న పేరే ఎలియట్ మార్బుల్స్. (పేరుకే మార్బుల్స్ లెండి, అది పల్నాటి సున్నపురాయి.)

ఎలియట్ 1803లో ఎడిన్‌బరోలో పుట్టాడు, హెయిలీబరీ కాలేజీలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి చదువుకుని 1821లో మద్రాసు వచ్చాడు. కొన్నాళ్ళకి ధార్వాడ్ వైపు పోస్టింగ్. 1824 అక్టోబర్‌లో కిత్తూరు సంస్థానంతో వచ్చిన గొడవలో కలెక్టర్ థాకరే చచ్చిపోతే, ఆయన కింద పనిచేసే ఎలియట్, స్టీవెన్‌సన్ ఇద్దరూ రాణి చెన్నమ్మ మనుషులకి బందీలుగా దొరికారు. కొన్ని వారాలు ఉంచుకుని ప్రాణాలతోనే వదిలేశారు. ఇంకొకడైతే అక్కడితో ఆ ప్రాంతానికి దండం పెట్టేసేవాడేమో, ఈయన మాత్రం అక్కడే ఉండి వేట, జంతువులు, శాసనాలు అని తిరిగాడు. కన్నడ దేశంలో 595 శాసనాలకి నకళ్ళు రాయించాడు, చాళుక్యుల వరస ఇదీ అని 1837లో వ్యాసం రాశాడు. 1839లో దక్షిణ మరాఠా ప్రాంతపు క్షీరదాల మీద ఒక కేటలాగ్ వేశాడు.

ఆ కేటలాగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పళ్ళు, తోక కొలతలతో ఆగకుండా జంతువుతో మనుషులకి ఏం పని అన్నది కూడా రాస్తాడు. చెరువులు తవ్వే వడ్డెరలు పొలాల్లో కొక్కుల బొరియలు తవ్వి, కొక్కుని తినడానికి పట్టుకుని, అది దాచుకున్న గింజల్ని కూడా తీసి కడిగి ఎండబెట్టుకునేవాళ్ళట. ఇది ఆఫీసు గదిలో కూర్చుంటే తెలిసేది కాదు, పక్కన నిలబడి చూడాలి లేదా చేసినవాళ్ళని అడగాలి. అయితే ఆ అడగడం కంపెనీ అధికారి అడగడం అని కూడా గుర్తుంచుకోవాలి, దొర అడిగితే చెప్పను అనే దమ్ము ఎవడికి ఉంటుంది అప్పట్లో. పట్టుకొచ్చినవాళ్ళు వేటగాళ్ళు, పేరొచ్చింది దొరకి. గొలుండా ఎలియటీ అని ఒక పొద ఎలుక ఉంది, అనథానా ఎలియటీ అని ఇంకో జంతువు (ట్రీ ష్రూ) ఉంది. ఈ రెండోది మనదే, కడప నెల్లూరు మధ్య కొండల్లో దొరికిన శాంపిల్‌ని బట్టి 1850లో వాటర్‌హౌస్ ఆ పేరు పెట్టాడు. చూడ్డానికి అచ్చం ఉడతలా ఉంటుంది, మూతి మాత్రం కోసుగా ముందుకొచ్చి ఉంటుంది, భుజం మీద లేత చార, ఎలుక జాతికి దీనికి సంబంధమే లేదు, చెట్టెక్కడం వచ్చినా ఎక్కువగా నేలమీదే పురుగులు వెతుక్కుంటూ తిరుగుతుంది.

డార్విన్ కూడా ఈయన్నే పట్టుకున్నాడు. పావురాల జాతులన్నీ ఒక్క అడవి పావురం నుంచే వచ్చాయి అని నిరూపించడానికి డార్విన్‌కి దేశదేశాల పావురాలు కావాల్సి వచ్చాయి, ఎలియట్ ఇక్కడి నుంచి పావురాల చర్మాలు, కోళ్ళ చర్మాలు పంపాడు, 1859లో వచ్చిన ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్‌లో ఆయనకి థాంక్స్ కూడా ఉంది. అదే ఏడు ఎలియట్ సొంతంగా ఫ్లోరా ఆంధ్రికా వేశాడు, ఉత్తర సర్కారు జిల్లాల్లో కనిపించే మొక్కల తెలుగు పేర్లకి శాస్త్రీయ నామాలు జత చేసిన జాబితా అది.

ఇక గుంటూరు సంగతి. 1832-33 డొక్కల కరువులో ఆ జిల్లాలో లక్షమందికి పైగా పోయారు, ఊళ్ళు ఖాళీ అయ్యాయి, జమీందార్లు పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన సొమ్ము) కట్టలేక బకాయిలు పడ్డారు, శిస్తు ఎందుకు పడిపోయిందో చూసి రమ్మని 1845లో ఎలియట్‌ని పంపారు. బాకీ పడ్డ పెద్ద జమీందారీల్లో వాసిరెడ్డి వాళ్ళది ఒకటి. ఈ వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడే అంతకు ముందు అమరావతిలో కొత్త పట్నం కట్టుకుంటూ, దీపాలదిన్నె అనే మట్టిగుట్టని రాళ్ళ కోసం తవ్వించింది, ఈ శిల్పాలున్న బౌద్ధ స్తూపం ఆ గుట్టే. మెకంజీ 1790ల చివర్లో వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు, ఈలోపు గుట్ట నడుమ భాగం చాలావరకు పోయింది, పలకలు కొన్ని మెట్లకి, గోడలకి పోయాయి, కొన్ని సున్నానికి పోయాయి. జమీందారీ లెక్కలు చూడ్డానికి వచ్చిన ఎలియట్ అదే గుట్టలో మిగిలింది తవ్వించి పలకలు మద్రాసు పంపించాడు.

నాకు ఇక్కడే తేడా కొడుతుంది. పావురం చర్మం పంపితే ఇంకో పావురం ఉంటుంది, స్తూపానికి ఇంకోటి లేదు. ఏ పలక ఏ వైపు ఉంది, దేని పక్కన ఉంది అన్నది రాసుకోకుండా తీస్తే ఆ లెక్క మళ్ళీ దొరకదు. కొక్కు బొరియలో గింజల్ని కూడా వదలకుండా రాసిన మనిషి, ఈ తవ్వకం మీద సరైన రిపోర్ట్ ఒకటి అచ్చేయలేదు. ఆయన కళ్ళకి పలకలు కూడా శాంపిల్సే అయ్యాయనుకుంటా.

మద్రాసు చేరాక వాటిని పట్టించుకున్నవాళ్ళు లేరు, ఏళ్ళ తరబడి కాలేజీ ముందు గడ్డిలో ఎండకీ వానకీ పడున్నాయి. 1851లో మ్యూజియం పెట్టాక కదలిక వచ్చింది, టేలర్ అనే మిషనరీ చేత జాబితా రాయించారు, 1859లో 121 శిల్పాలని ఓడెక్కించారు. అప్పటికి ఎలియట్ గవర్నర్ కౌన్సిల్ మెంబరు, 1858 నవంబర్‌లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిందని మద్రాసులో ప్రకటించింది కూడా ఈయనే. తమాషా ఏంటంటే రాళ్ళు లండన్ చేరేసరికి వాటికి యజమాని అయిన కంపెనీ అధికారమే పోయింది, ఫైఫ్ హౌస్ అనే బంగళాలో ఒక మూల పడేశారు, 1867 ప్రాంతంలో కట్టడాల చరిత్ర రాసే ఫెర్గూసన్ చూసి బయటపెట్టేదాకా అంతే. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళాయి.

ఎలియట్ 1860లో రిటైరై స్కాట్లండ్ వెళ్ళిపోయాడు, ముసలితనంలో చూపు దాదాపు పోయినా పక్కవాళ్ళ చేత రాయించుకుంటూ దక్షిణ భారత నాణేల మీద పుస్తకం పూర్తి చేసి 1887 మార్చి 1న పోయాడు. అమరావతిలో మాత్రం ఆయన తర్వాత 1877లో స్యూయెల్, 1881లో బర్జెస్ తవ్వారు, మధ్యలో 1880లో గవర్నర్ బకింగ్‌హామ్ హుకుంతో గుట్ట మొత్తం ఊడ్చేశారు, అప్పుడు దొరికినవి ఎక్కువగా మద్రాసు మ్యూజియంకే పోయాయి. లండన్‌లో కన్నా చెన్నై ఎగ్మూరులో ఉన్న ఆ మ్యూజియంలోనే ఎక్కువ ఉన్నాయి, ఓడ కూడా అక్కర్లేదు, కానీ వెనక్కి అడిగేవాళ్ళలో ఎగ్మూరు పేరు ఎత్తేది తక్కువమందే.