నిరుద్యోగ భృతి బిల్లు యజమాని ఖాతాలోకి ఎలా చేరింది

కోవిడ్ కాలంలో, 2021 వేసవిలో అమెరికాలో చిన్న హోటళ్లు, దుకాణాలు నడిపేవాళ్లు రెండు ఫిర్యాదులు కలిపి చేశారు. ప్రభుత్వం నిరుద్యోగ భృతి ఇచ్చి జనాన్ని ఊరికే కూర్చోబెట్టి మేపుతోందని, అందుకే పనికి మనుషులు దొరకడం లేదని ఒకటి. ఆ ఖర్చంతా తమ నెత్తినే పడుతోందని రెండోది. మొదటిది శతాబ్దాల నాటి గొడవ. రెండోదానికి మూలం 1930ల్లో ఒక రాష్ట్రం ఎంచుకున్న పద్ధతి. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అసలు కథ మాత్రం అక్కడే ఉంది.

పాత గొడవ సంగతి ముందు చెప్పుకుందాం. 1795లో ఇంగ్లండ్‌లోని స్పీనమ్‌లాండ్‌లో మేజిస్ట్రేట్లు రొట్టె ధరను, కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి పేద కూలీలకు సాయం చేయాలని తీర్మానించారు. డబ్బు స్థానిక పన్నుల నుంచి వచ్చేది. మిగతాది ఎలాగూ పన్నుల్లోంచి వస్తుంది కదా అని పెద్ద రైతులు కూలి తగ్గించి ఇచ్చుకోగలిగారు. కూలీలను పెట్టుకోకుండా సొంతంగా సేద్యం చేసుకునే చిన్న రైతు కూడా ఆ పన్ను కట్టాల్సిందే. అయినా నింద పడింది కూలీల సోమరితనం మీదే. సాయం పొందేవాడి బతుకు అతి తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కన్నా హీనంగా ఉండాలన్న సూత్రం మీద 1834లో కొత్త చట్టం వచ్చింది.

1911లో బ్రిటన్ బీమా దారి పట్టింది. కార్మికుడు, యజమాని, ప్రభుత్వం ముగ్గురూ వాటా వేయాలి. పని పోతే వారానికి 7 షిల్లింగులు, ఏడాదికి 15 వారాలకు మించకుండా. తన డబ్బూ అందులో ఉంది కాబట్టి తీసుకునేవాణ్ని బిచ్చగాడిలా చూడటం కష్టమైంది.

అమెరికా ఇక్కడే వేరే దారి పట్టింది. విస్కాన్సిన్‌లో జాన్ కామన్స్ అనే ఆర్థికవేత్త ఫ్యాక్టరీ ప్రమాదాల అనుభవం నుంచి ఆలోచించాడు. ప్రమాదానికి పరిహారం యజమానే కట్టాల్సి వస్తే ప్రమాదాలు జరగకుండా చూసుకుంటాడు. అలాగే నిరుద్యోగానికీ అతనే కడితే ఇష్టమొచ్చినట్టు మనుషుల్ని తీసేయడు. 1932లో ఆ రాష్ట్రం చేసిన చట్టంలో ప్రతి యజమానికీ విడి ఖాతా. అతను తీసేసినవాళ్ల భృతి అందులోంచే ఇవ్వాలి. సీజన్‌ను బట్టి ఉత్పత్తిని సర్దుకోగల పెద్ద ఫ్యాక్టరీకి ఈ తర్కం సరిపోతుంది. మాంద్యం వచ్చి గిరాకీ పోయిన చిన్న దుకాణదారు ఏం సర్దుకుంటాడు?

1935లో సోషల్ సెక్యూరిటీ చట్టంతో ఈ బీమా దేశమంతటికీ వచ్చింది. దానికోసం యజమానుల మీద వేసిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను మొదట ఎనిమిది మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే. చిన్న వ్యాపారి బయటే ఉన్నాడు, అతని దగ్గర పనిచేసేవాళ్లకు చాలాచోట్ల భృతీ లేదు. 1956లో ఆ హద్దు నలుగురికి దిగింది. 1972 నుంచి ఒక్క పనివాడున్నా చాలు. ఫ్యాక్టరీ కోసం కుట్టిన చొక్కా చిన్న కొట్టుకు తొడిగారన్నమాట.

భృతి కోసం రాష్ట్రాలు యజమానుల మీద వేసే పన్ను రేటు సంస్థ చరిత్రను బట్టి మారుతుంది. మాజీ ఉద్యోగులు ఎంత ఎక్కువ భృతి తీసుకుంటే రేటు అంత పెరుగుతుంది. ఇతర దేశాల్లో ఇలాంటిది అరుదు. తనంతట తాను మానేశాడా, తప్పు చేసి పోగొట్టుకున్నాడా, తగిన పని వస్తే కాదన్నాడా అన్న ప్రశ్నలు ప్రతి భృతి చట్టంలోనూ ఉంటాయి. ఇక్కడ మాత్రం జవాబు నేరుగా యజమాని జేబును తాకుతుంది. అందుకే పని పట్ల నిబద్ధత గురించిన వాదన క్లెయిమ్ మీద అప్పీలుగా మారుతుంది. పెద్ద కంపెనీలు ఆ పని బయటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. అయిదుగురితో నడిచే కొట్టులో ఆ కాగితాలు యజమానే నింపాలి.

ఇంకో మెలిక ఉంది. ఫెడరల్ పన్ను ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీదే. 1983 నుంచి ఆ అంకె కదల్లేదు. ఏడాదికి 20,000 డాలర్లు ఇచ్చే చోట జీతంలో మూడో వంతుకు పైగా పన్ను కిందికొస్తుంది. లక్ష డాలర్లు ఇచ్చే చోట ఏడు శాతమే. తక్కువ జీతాల చిన్న వ్యాపారాల మీద భారం ఎక్కువన్నది నిజమే, కానీ దానికి కారణం భృతి తీసుకునేవాడి బద్ధకం కాదు, ఈ లెక్క.

2020 మార్చిలో కోవిడ్ సాయంగా వచ్చిన కేర్స్ చట్టం మామూలు భృతికి అదనంగా వారానికి 600 డాలర్లు కలిపింది. చాలామందికి పాత జీతం కన్నా ఎక్కువే చేతికొచ్చింది, కాబట్టి వ్యాపారుల చిరాకు అర్థం లేనిది కాదు. కానీ ఆ అదనపు సొమ్ము ఫెడరల్ ఖజానాది, ఏ యజమాని ఖాతాలోంచీ పోలేదు. తర్వాత 300 డాలర్లకు తగ్గించిన ఆ అదనాన్ని 2021 సెప్టెంబరు దాకా ఇవ్వాల్సి ఉండగా, దాదాపు సగం రాష్ట్రాలు ముందే ఆపేశాయి. అక్కడ ఉద్యోగాల్లో చేరినవాళ్లు కొంత పెరిగారు. భృతి పోగొట్టుకున్నవాళ్ల సంఖ్యతో పోలిస్తే అది చాలా చిన్న భాగం.

యజమానులకు బిల్లు వచ్చింది మరో వైపు నుంచి. మామూలు భృతి చెల్లించే నిధులు చాలా రాష్ట్రాల్లో ఖాళీ అయ్యాయి, అవి ఫెడరల్ ప్రభుత్వం దగ్గర అప్పు చేశాయి. గడువులోగా తీర్చకపోతే ఆ రాష్ట్ర యజమానులకు ఫెడరల్ పన్నులో ఇచ్చే రాయితీ ఏటా 0.3 శాతం చొప్పున తగ్గుతుంది. అంటే ఆ 7,000 డాలర్ల మీద లెక్కిస్తే ఒక్కో ఉద్యోగికి అదనంగా మొదటి ఏడాది 21 డాలర్లు, రెండో ఏడాది 42. కాలిఫోర్నియాలో ఈ కోత 2022 పన్ను సంవత్సరంతో మొదలైంది. ఒక్కరిని కూడా తీసేయని వ్యాపారి సైతం అది కట్టాల్సిందే.