గురక పెడితే గాఢనిద్ర కాదండీ: అపోహలు - వాస్తవాలు

రాత్రి తొమ్మిదింటికి పేషెంటు వస్తాడు, వెంట భార్య ఉంటుంది. నేను ఆయన తలకీ ఛాతీకీ కాళ్లకీ వైర్లు అంటిస్తుంటే ఆవిడ చెప్పేది దాదాపు ఒకటే మాట. "ఈ టెస్టు ఎందుకు మేడమ్, ఈయన పడుకుంటే పక్కన బాంబు పడ్డా లేవరు. నిద్ర లేనిది నాకు." నేను విజయవాడలో ఒక ఆసుపత్రి స్లీప్ ల్యాబులో టెక్నీషియన్ని. పదకొండేళ్లుగా వింటున్నాను ఈ మాట. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది, ఆవిడ మీద కాదు, ఆవిడకి అలా చెప్పిన వాళ్ల మీద.

గుర్రు పెట్టి పడుకున్నాడంటే హాయిగా నిద్రపోతున్నాడనుకోవడం. అన్ని అపోహల్లోకీ జనాన్ని ఎక్కువ ముంచేది ఇదే. కుంభకర్ణుడి కథ విని పెరిగినవాళ్లం కదా, గురకకీ గాఢనిద్రకీ ముడిపెట్టేశాం.

నాకు స్క్రీన్ మీద కనిపించేది చెబుతాను. పైన ముక్కు దగ్గర గాలి గీత, కింద ఛాతీ బెల్టు, పొట్ట బెల్టు, ఇంకా కింద రక్తంలో ఆక్సిజన్ శాతం. గురక నడుస్తున్నంతసేపూ గాలి గీత వంకరటింకరగా ఉంటుంది. ఉన్నట్టుండి సాఫుగా అయిపోతుంది. గది నిశ్శబ్దం. ఇంట్లో అయితే భార్య "హమ్మయ్య, ఆగింది" అని అటు తిరిగి పడుకునేది సరిగ్గా అప్పుడే. కానీ బెల్టుల గీతలు మాత్రం ఇంకా ఎగిసెగిసి పడుతుంటాయి, అంటే మనిషి గాలి కోసం గుంజుకుంటున్నాడు, గొంతు మూసుకుపోయి లోపలికి పోవడం లేదు. పది, ఇరవై, నలభై సెకన్లు. ఆక్సిజన్ కొంచెం ఆలస్యంగా దిగడం మొదలవుతుంది, 94, 90, 84. అప్పుడు మెదడు తట్టి లేపుతుంది, పెద్దగా గుర్రుమని ఒక కుదుపు, కాళ్లు తన్నుకోవడం, మళ్లీ గురక. తెల్లారాక ఆయనకి ఇవేవీ గుర్తుండవు. పెద్దవాళ్లలో గంటకి ఇలా ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో 5 సార్లు దాటితే స్లీప్ ఆప్నియా అంటాం, 30 దాటితే తీవ్రం. గంటకి 60 దాటినవాళ్లకి కూడా నేనే వైర్లు పెట్టాను. నిమిషానికోసారి లేచే మనిషిది గాఢనిద్ర ఎలా అవుతుందండీ?

దీనివల్ల పోయేది ఒక్క నిద్రే కాదు. మూడు రకాల మాత్రలు మింగినా బీపీ దిగదు. పొద్దున్నే తలనొప్పి. రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేస్తారు, షుగరేమోనని పరీక్షలు చేయించుకుని, నార్మల్ వచ్చిందని తిరుగుతుంటారు. గుండె లయ తప్పడానికీ, పక్షవాతానికీ కూడా దీనితో సంబంధం ఉంది. ఇంకా దారుణం కారు నడుపుతూ కునుకు పట్టడం.

ఇంత చెబుతున్నాను కదా, మా ఇంట్లో సంగతి నాకు ఏళ్ల తరబడి తెలియదు. నెలలో సగానికి పైగా రాత్రులు నేను డ్యూటీలోనే. ఇంట్లో ఉన్న రాత్రి మొద్దులా పడిపోతాను. మావారు లెక్చరర్, నిలబడి పాఠం చెప్పినంతసేపూ బాగానే ఉంటారు, కూర్చుంటే చాలు తల వాలిపోతుంది. మా చెల్లి పెళ్లి వీడియోలో తలంబ్రాల వెనకాల ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతూ కనబడతారు. దాని మీద ఇప్పటికీ మాకు గొడవే.

ఒకసారి అరకు వెళ్లాం. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే రైలు, దానికుండే అద్దాల బోగీలో ఎలాగో రెండు సీట్లు దొరికాయి. కొండలెక్కుతుంటే సొరంగం వెనక సొరంగం, వచ్చిన ప్రతిసారీ బోగీలో పిల్లలు కేకలు, లోయ కనబడగానే అందరూ ఫోన్లు పైకెత్తడం, మావారు మాత్రం పైన ఆకాశం కనబడే ఆ సీట్లో తల వెనక్కి వాల్చి గురక. బొర్రా గుహలు స్టేషన్లో లేపితే "అప్పుడే అరకా?" అన్నారు. నాకు ఎంత కోపం వచ్చిందంటే మధ్యాహ్నం బొంగులో చికెన్ తినేదాకా మాట్లాడలేదు. నాతో రావడం ఇష్టం లేదనుకున్నాను, బద్ధకమనుకున్నాను. రోజూ ఇదే పని చేసేదాన్ని అయ్యుండి!

ఆ రాత్రి గెస్ట్‌హౌస్‌లో చలికి మెలకువ వచ్చింది. పక్కన గురక, తర్వాత నిశ్శబ్దం. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది దాకా వచ్చాక ఆయన గుర్రుమని ఎగిరిపడ్డారు. ఇక నేను పడుకోలేదు, ఫోన్లో రికార్డు చేస్తూ కూర్చున్నాను. పొద్దున చూపిస్తే "ఇది నేనేనా?" అన్నారు. మా ల్యాబులోనే టెస్టు చేయించాం, నేను వైర్లు పెడితే నవ్వాపుకోలేనంటే మా కొలీగే పెట్టింది. గంటకి 26.

లావుగా ఉన్నవాళ్లకే వస్తుందంటారు. లావుకీ దీనికీ సంబంధం ఉన్నమాట నిజమే, బరువు తగ్గితే చాలామందికి తగ్గుతుంది కూడా. కానీ మావారు సన్నం, దవడ కొంచెం లోపలికి ఉంటుంది, అది చాలు. ఆడవాళ్లకి రాదనేది ఇంకొకటి. వస్తుంది, నెలసరి ఆగాక మరీ ఎక్కువ. గురక పెడతానని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, నీరసమనీ నిద్ర పట్టడం లేదనీ చెప్పి నిద్రమాత్రలు తెచ్చుకుంటారు. డాక్టరుని అడక్కుండా వద్దమ్మా, కొన్ని మాత్రలకి ఇది ఇంకా ముదురుతుంది. మందు ఒక పెగ్గు వేస్తే నిద్ర పడుతుందనే మగవాళ్లకీ ఇదే జవాబు, గొంతు కండరాలు మరింత వదులైపోతాయి. ముక్కులో ఆవనూనె, వేలికి ఉంగరం, వాట్సాప్‌లో తిరిగే చిట్కా... వీటి మీద టైం వేస్ట్ చేయను.

వేరే గదిలో పడుకుంటే కాపురం చెడినట్టే అని అత్తగార్లు దెప్పిపొడుస్తారు. హాల్లో చాప వేసుకునే ఆడవాళ్లు నా దగ్గర ఏడ్చినంత పని చేస్తారు. నిద్ర కోసం వేరే పడుకోవడం తప్పేం కాదండీ. కాకపోతే రోగం గదిలోనే ఉండిపోతుంది, దాన్ని చూసే మనిషి మాత్రం హాల్లోకి వెళ్లిపోతుంది. అందుకే వెళ్లేముందు రెండు రాత్రులు ఫోన్లో రికార్డు చేసి ఊపిరితిత్తుల డాక్టరుకో ఈఎన్‌టీకో చూపించండి. సగం పని అయిపోయినట్టే. ఇంట్లోనే పెట్టుకునే చిన్న టెస్టు కూడా ఉంది, అది ఎవరికి సరిపోతుందో డాక్టరు చెబుతారు.

దీనికి వాడే మాస్కు మెషీన్ పేరు సీప్యాప్. అదంటే ఆక్సిజన్ మెషీన్ అనుకుని, "అంతదాకా వచ్చిందా" అని ఇంటిల్లిపాదీ భయపడిపోతారు. అది ఆక్సిజన్ కాదు, గదిలో గాలినే కొంచెం ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివాన్ అనే డాక్టరు, ఆయన బృందం మొదలుపెట్టిన పద్ధతి. అలవాటైపోతే మానలేమంటారు, కళ్లజోడు మానగలుగుతున్నామా? మొదటి రెండు వారాలు చిరాకే, నిజం చెప్పాలి. మాస్కు సైజు సరిపోకపోతే బుగ్గల పక్కనుంచి గాలి కారి కళ్లలోకి కొడుతుంది. సైజు మార్పించుకోండి, మెషీన్ అటక ఎక్కించకండి.

ఊళ్లు తిరగడం కూడా మానక్కర్లేదు. విమానంలో అయితే చేతి సంచిలోనే పెట్టుకోండి, డాక్టరు చీటీ దగ్గరుంచుకోండి. రైల్లో రాత్రిపూట ఛార్జింగ్ పాయింట్లు పనిచేస్తాయని నమ్మకండి, ఆపేస్తుంటారు. బ్యాటరీ లేకపోతే పగటి రైలు చూసుకోండి. హోటల్లో ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అవతలి గోడకే ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ బాక్సు మర్చిపోవద్దు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్లీ అరకు వెళ్లాం, అదే రైలు. ఆయన దారి పొడుగునా మెలకువగా ఉండి సొరంగాలు లెక్కపెట్టారు, పైకే, వచ్చిన ప్రతిసారీ నా భుజం తట్టి మరీ. నేను ముందురోజు నైట్ డ్యూటీ దిగి వచ్చినదాన్ని, పద్నాలుగో సొరంగం దగ్గర కళ్లు మూతపడ్డాయి. నేను నోరు తెరుచుకుని నిద్రపోతున్న వీడియో ఇప్పుడు ఆయన ఫోన్లో ఉంది.