అవార్డు వచ్చిన రోజు అంగట్లో లేని పుస్తకం

2021 డిసెంబర్ 30న ప్రజాకవి గోరటి వెంకన్న కవితల పుస్తకం ‘వల్లంకి తాళం’కు కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు ప్రకటించారు. ఆయనది మా ఉమ్మడి పాలమూరులోని గౌరారం. మహబూబ్‌నగర్‌లో పుస్తకాలు అమ్మే నాకు అది ఇంటి పండగ. పొద్దుగూకేలోపే నలుగురు వచ్చి “అన్నా, వల్లంకి తాళం ఉందా?” అని అడిగారు. నా దగ్గర ఒక్క కాపీ కూడా లేదు. లెక్కల పుస్తకం వెనక పేజీలో నలుగురి పేర్లూ రాసుకున్నాను.

ఈ కొరతకు మూలం అవార్డు నియమంలోనే ఉంది. 2021 అవార్డుకు చూసింది 2015 నుంచి 2019 దాకా తొలిసారి అచ్చయిన పుస్తకాలను. అంటే పేరు ప్రకటించే నాటికి పుస్తకం వచ్చి దాదాపు రెండేళ్లు, ఒక్కోసారి ఏడేళ్ల దాకా అవుతుంది. మంచి చెడులు తేలడానికి ఆ వ్యవధి అవసరమే, కాదనను. కానీ జిల్లా దుకాణంలో కవిత్వానికి ఏడాదికి మించి చోటుండదు. ఐదు కాపీలు తెస్తే రెండు పోతాయి, మూడు వాపసు వెళ్తాయి. అసలు కవిత్వం అచ్చు వేసేదే ఐదొందల కాపీలో, వెయ్యో.

1955లో తెలుగుకు తొలి అవార్డు తెచ్చింది కూడా ఈ నేల మనిషే. అలంపూర్ దగ్గరి ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేసి జవాబిచ్చిన మనిషి. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. అవార్డు వచ్చేసరికి ఆయనే లేరు, 1953లో కన్నుమూశారు. ఆ పుస్తకం మాత్రం నా బల్ల మీద గ్రూప్స్ గైడ్ల పక్కనే ఉంటుంది. పరీక్ష కోసం కొన్న పిల్లలు కొందరు, తర్వాత వచ్చి పాతకాలం తిండ్లు, ఆటల గురించి రాసిన పేజీల ముచ్చట చెబుతారు. మళ్లీ మళ్లీ అచ్చు వేశారు కాబట్టే అది ఇన్నేళ్లు చేతులు మారుతోంది.

అవార్డు సొమ్ము అప్పట్లో 5,000, 2009 నుంచి లక్ష. అది రచయితకు దక్కాల్సిందే. అకాడెమీ ఆ పుస్తకాలను వేరే భాషల్లోకి అనువదింపజేస్తుంది కూడా. మూల పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేసే భారం మాత్రం ప్రచురణకర్తదో, సొంత డబ్బుతో వేసుకున్న రచయితదో అవుతుంది. పేరు ప్రకటించిన వెంటనే వెయ్యి కాపీలకు అకాడెమీయే ఖర్చు భరించి, జిల్లా గ్రంథాలయాలకూ చిన్న దుకాణాలకూ పంపాలని నా కోరిక. నల్లగొండలో 1918లోనే తెలుగు గ్రంథాలయం పెట్టుకున్నారు, 1922లో ‘నీలగిరి’ పత్రిక నడిపారు. చదివేవాళ్లు లేరని ఈ ప్రాంతం గురించి అంటే నేను ఒప్పుకోను.

ఆ రోజు రాసుకున్న నలుగురిలో ఇద్దరికి పుస్తకం ఇచ్చి పేర్లు కొట్టేశాను. మిగతా ఇద్దరు, పార్శిల్ వచ్చేసరికి మళ్లీ ఇటు రాలేదు.