కొయ్యకాళ్ల మంటకు మూలం కోత మిషన్‌లోనే

యాసంగి కోతలు అయ్యాయో లేదో, మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు పొలాల్లో మళ్లీ పొగ లేస్తోంది. కొయ్యకాళ్లు, అంటే వరి కోశాక మడిలో మిగిలే మోళ్లు, కాలిస్తే కేసులే, జరిమానాలే అన్న హెచ్చరికలూ మళ్లీ మొదలయ్యాయి. సాగర్ ఎడమ కాల్వ కింద రెండు పంటల వరి ఎట్లా వచ్చిందో అందరికీ తెలిసిందే. మంటలు అంటుకున్నది మాత్రం కోత మిషన్ వచ్చాకే.

కొడవలితో కోసినప్పుడు పైరు మొదలంటా తెగేది. గడ్డి వామికెక్కేది, ఎడ్లు మేసేవి. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, కూలీలు కరువయ్యారు, హార్వెస్టర్ దిగింది. దాని కిరాయి గంటల లెక్క. కట్టర్ దించి కోస్తే బండి మెల్లగా కదులుతుంది, బిల్లు పెరుగుతుంది. అందుకే లేపి కోయమంటారు. మడి నిండా జానెడు దాటిన మోళ్లు, వాటి మీద మిషన్ వెనక రాలిన గడ్డి వరుసలు. దున్నడానికి ట్రాక్టర్ వెనక రోటవేటర్ దింపితే గడ్డి బ్లేడ్లకు చుట్టుకుంటుంది, డ్రైవర్ దిగి చేత్తో పీకాలి. దానికన్నా అగ్గిపెట్టె చవక.

2015 డిసెంబరులో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్, ఢిల్లీని కమ్మే కొయ్యకాళ్ల పొగ మీద జరిమానాలు ఖరారు చేసింది: రెండెకరాల లోపు రైతుకు రూ.2,500, ఐదెకరాలు దాటితే రూ.15,000. 2018లో గడ్డిని కాల్చకుండా పొలంలోనే కలిపే యంత్రాలకు కేంద్రం రైతుకు 50 శాతం, వాటిని అద్దెకిచ్చే కేంద్రాలకు 80 శాతం సబ్సిడీ ఇచ్చింది. ఆ పథకం మొదలైంది పంజాబ్, హర్యానా, యూపీ, ఢిల్లీల్లోనే. అదే ఏడాది పంజాబ్, గడ్డిని ముక్కలు చేసి చల్లే పరికరం కోత మిషన్‌కు ఉండి తీరాలంది. జరిమానా మాట వింధ్య దాటి వచ్చింది. మిషన్ యజమానిని నిలదీసే పద్ధతి మాత్రం రాలేదు.

కాల్చొద్దన్న అధికారుల మాటా తీసేసేది కాదు. టన్ను గడ్డి కాలితే 5.5 కిలోల నత్రజని గాలిపాలు. గట్ల మీది తాటిచెట్లు అంటుకుంటే గీత కార్మికుడి బతుకు పోతుంది. తడి పెట్టి, ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నమంటారు. కాల్వ కట్టేసిన మే నెలలో, బోరు లేని రైతుకు ఆ తడి ఎక్కడిది?

పాలమూరు పత్తి చేలల్లో తిరకాసు వేరు. గులాబీ రంగు పురుగు చావాలంటే కట్టె పీకి కాల్చమని ఒకప్పుడు చెప్పింది శాస్త్రవేత్తలే. ఇప్పుడు ష్రెడ్డర్‌తో ముక్కలు చేయమంటున్నారు.

ఇక గడ్డిని కట్టలుగా చుట్టే బేలర్లు. రోడ్డు పక్క మడులకు వస్తాయి, బండిబాట లేని లోపలి మడులకు రావు. వచ్చినా చుట్టేది రాలిన గడ్డినే, నిలబడ్డ మోడు మోడులాగే ఉంటుంది.