పుంజా పెట్టా అని అడుగుతారు, ఎన్నాళ్ల పిల్ల అని అడగరు: అపోహలు - వాస్తవాలు

చంద్రగిరి దాటి పాకాల వైపు వెళ్లే దారిలో మాకు ఒక చిన్న హ్యాచరీ ఉంది. హ్యాచరీ అనగానే పెద్ద పెద్ద షెడ్లు ఊహించుకోకండి. ఇంటి వెనక గదిలో రెండు ఇంక్యుబేటర్లు, పక్కన పిల్లల్ని వెచ్చగా ఉంచే బ్రూడర్, ఒక ఇన్వర్టర్, కరెంటు పోయినప్పుడల్లా నా టెన్షన్. అంతే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ నాటుకోడి గుడ్లు తెచ్చిస్తే పొదిగించి ఇస్తాను. కొన్ని పిల్లల్ని నేనే అమ్ముతాను.

ఒకరోజు వయసున్న పిల్లను చేతిలోకి తీసుకోగానే అందరూ అడిగేది ఒకటే: "అక్కా, ఇది పుంజా, పెట్టా?" తెలీదంటే నమ్మరు. మంచి పెట్టల్ని నా దగ్గరే దాచుకుంటున్నానని అనుమానం. ఒక పెద్దాయన అయితే గట్టిగానే నిలదీశాడు: "పుత్తూరులో చేత్తో తడిమి ఎముక యాడ ఇరిగిందో చెప్తారు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండావు, కోడిపిల్లను చెప్పలేవామ్మా?" నాటు పిల్ల విషయంలో చెప్పలేను. ఎందుకు చెప్పలేనో, ఎప్పుడు చెప్పగలనో రాస్తాను.

అపోహ: కోలగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుంది.

మా అవ్వ ఈ లెక్క ప్రకారమే గుడ్లు ఏరి గంపలో పొదగేసేది. ఇది మన ఊరి మాట మాత్రమే అనుకునేదాన్ని. కానీ రెండు వేల ఏళ్ల కిందట రోమన్ రచయిత కొలుమెల్లా కూడా పుంజులు కావాలంటే కోల గుడ్లు పెట్టమన్నాడు. అంతకు ముందే గ్రీకుల అరిస్టాటిల్ సరిగ్గా తిరగేసి, కోలవి పెట్టలు, గుండ్రటివి పుంజులు అని రాశాడు. అంత పెద్దవాళ్లకే పొంతన కుదరలేదు, ఇక మా అవ్వను ఏమంటాం!

వాస్తవం: గుడ్డుకు పెంకు రాకముందే, తెల్లసొన చేరకముందే, పచ్చసొన దశలోనే పుంజో పెట్టో ఖాయమైపోతుంది. మనుషుల్లో తండ్రి నుంచి వచ్చేదాన్ని బట్టి ఆడా మగా తేలుతుంది. కోళ్లలో ఆ పని తల్లిది. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. తల్లి నుంచి డబ్ల్యూ వస్తే పెట్ట, జెడ్ వస్తే పుంజు. ఆ తర్వాత గుడ్డు కిందికి జారుతూ తల్లి కడుపులోని గొట్టంలో ఆకారం దిద్దుకుంటుంది. అందుకే ఒక పెట్ట పెట్టే గుడ్లన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. అవ్వ లెక్కే నిజమైతే కోల గుడ్లు పెట్టే కోడికి జన్మలో ఒక్క ఆడపిల్లా పుట్టకూడదు. మీ పెరట్లో కోడిని చూసుకోండి, మీకే తెలుస్తుంది. కోల గుడ్లు, మరీ వంకర గుడ్లు పక్కన పెట్టడం మంచిదే. అయితే అది సరిగా పొదగవన్న భయంతోనే తప్ప పుంజుల లెక్కతో కాదు.

అపోహ: ఇంక్యుబేటర్ వేడి కాస్త తగ్గిస్తే పెట్టలు ఎక్కువ వస్తాయి.

ఆ కథ తాబేళ్లది. మన సముద్ర తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు ఇసుక వేడిని బట్టే ఆడా మగా తేలుతుంది. కోడికి అలా కాదు. 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 21 రోజులు పొదగాల్సిన గుడ్డును చల్లబరిస్తే పెట్టలు పెరగవు, చచ్చిన పిల్లలు పెరుగుతాయి.

ఉంగరానికి దారం కట్టి గుడ్డు మీద ఊపడం, పిల్లను కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి గింజుకుంటే ఒకటి, ఊరుకుంటే ఇంకొకటి అనడం, మొదట పగిలిన గుడ్లన్నీ పెట్టలేనని చెప్పడం, ఇవన్నీ ఒకే గాటన కట్టొచ్చు. బొమ్మా బొరుసా వేసినా సగంసార్లు నిజమవుతుంది. నిజమైనవి గుర్తుంటాయి, తప్పినవి మర్చిపోతాం. తలకిందులుగా వేలాడదీస్తే మాత్రం పాపం పిల్ల భయంతో అలిసిపోతుంది.

అపోహ: టార్చి లైటు మీద గుడ్డు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

లైటులో కనిపించేది పిండం పెరుగుతోందా లేదా, గాలి గది ఎంత ఉంది, ఈ రెండే. గుడ్డులోనే ఆడా మగా చెప్పే యంత్రాలు యూరప్‌లో ఉన్న మాట నిజం. జర్మనీ 2022 నుంచి గుడ్లకు పనికిరావని మగ కోడిపిల్లల్ని చంపడం నిషేధించాక వాటి వాడకం పెరిగింది. ఒక పద్ధతిలో 9వ రోజున గుడ్డు నుంచి చుక్క ద్రవం తీసి హార్మోన్ పరీక్షిస్తారు. ఇంకో పద్ధతిలో 13వ రోజున ప్రత్యేకమైన కాంతితో పిండం ఈకల రంగు చదువుతారు. మన సెల్‌ఫోన్ లైటుకు అంత సీన్ లేదు.

అపోహ: వెనక వైపు నొక్కి చూస్తే ఎవరైనా చెప్పొచ్చు.

ఇది పూర్తిగా అపోహ కాదు, సగం నిజం. సగం నిజాలతోనే నష్టం ఎక్కువ. 1920ల్లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతి ఇది. పుట్టిన మొదటి రోజు పిల్ల పొట్టను మెల్లగా నొక్కి రెట్ట తీసేసి, వెనక ద్వారాన్ని వేళ్లతో విప్పి లోపల గుండుసూది తలంత బుడిపె ఉందేమో చూస్తారు. బాగా నేర్చినవాళ్లు గంటకు వెయ్యి దాకా పిల్లల్ని చూడగలరు, నూటికి 98 దాకా సరిగ్గా చెబుతారు. అయితే కొన్ని పెట్టల్లోనూ చిన్న బుడిపె ఉంటుంది. ఏది ఏ తీరు బుడిపో కళ్లకు, వేళ్లకు పట్టాలంటే వేల పిల్లల మీద చెయ్యి తిరగాలి. ఒకట్రెండు రోజులు దాటితే వాళ్లకూ కష్టమే. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించేవాళ్ల చేతిలో జరిగేది వేరు: కడుపులో ఇంకా మిగిలున్న పచ్చసొన సంచి చితికి పిల్ల చచ్చిపోతుంది. నేనూ మొదట్లో ఆ పాపం మూటగట్టుకున్నాను, ఇక చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాను.

అపోహ: రెక్క విప్పి ఈకలు చూస్తే చాలు.

గుడ్ల కోళ్ల హ్యాచరీల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఇది చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. అక్కడ పనిచేస్తుంది, మన దగ్గర పనిచేయదు, అంతే. ఈకలు నిదానంగా వచ్చే తల్లి జాతిని, త్వరగా వచ్చే తండ్రి జాతిని కావాలనే జత కడతారు. పెట్టకు ఉన్నది ఒకే జెడ్ కదా. అది కొడుకులకే పోతుంది, కూతుళ్లు తండ్రి జెడ్ తీసుకుంటారు. అందుకని తల్లి నిదానం కొడుకులకు, తండ్రి తొందర కూతుళ్లకు వస్తుంది. మొదటి రోజు రెక్క విప్పితే పెట్టల్లో కింది వరస పెద్ద ఈకలు పై వరస కన్నా పొడవుగా, పుంజుల్లో రెండూ సమానంగానో, కింది వరసే పొట్టిగానో కనిపిస్తాయి. మన నాటుకోళ్లలో తల్లీ తండ్రీ ఏ తీరువో ఎవరికి తెలుసు? వాటి రెక్క పొడవు చూసి చెప్పేది జాతకమే.

ఇదే సూత్రంతో పెరట్లో చేసుకోగలిగింది ఒకటుంది. ఒంటి నిండా తెలుపూ నలుపూ అడ్డ చారలున్న పెట్ట మీ దగ్గరుంటే దానికి చారల్లేని నల్ల పుంజును జత చేయండి. పిల్లలన్నీ నల్లగా పుడతాయి. వాటిలో నడినెత్తిన తెల్ల మచ్చ ఉన్నవి పుంజులు, మచ్చ లేనివి పెట్టలు. తల్లి చారలు కొడుకులకే దక్కుతాయి, ఆ మచ్చ వాటి గుర్తు. తిరగేసి చారల పుంజునూ నల్ల పెట్టనూ జత చేస్తే ఇది పనికిరాదు. తెల్ల పుంజుతోనూ కుదరదు.

అపోహ: పది పిల్లలు కొంటే ఏడు పుంజులే అయ్యాయి, అమ్మినామె మోసం చేసింది.

ఆ అమ్మినామెను నేనే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఏరకుండా ఇచ్చిన పది పిల్లల్లో ఏడు గానీ అంతకు మించి గానీ పుంజులయ్యే అవకాశం నూటికి 17. అంటే ఆరుగురు కొంటే వాళ్లలో ఒకరికి అలా జరుగుతుంది. ఆ ఒక్కరే ఫోన్ చేసి తిడతారు. ఏడు పెట్టలు వచ్చినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. పుంజులు ఎక్కువైనా మా వైపు దిగులు అక్కర్లేదు. మే నెలలో గంగమ్మ జాతర వస్తుందంటే చాలు, పుంజుల కోసమే వెతుక్కుంటూ వస్తారు. జాతరకు నాలుగైదు నెలల పుంజు కావాలంటే డిసెంబరు, జనవరి పిల్లలే తీసుకోవాలి.

మరి ఎప్పుడు తెలుస్తుంది? మూడు నాలుగు వారాలకు కొంచెం పోలిక దొరుకుతుంది: పెట్టల వీపు మీద, తోక దగ్గర ఈకలు ముందు కమ్ముకుంటాయి, పుంజుల వీపు ఇంకా బోసిగా ఉంటుంది. ఐదారు వారాలకు పుంజు తురాయి ఎర్రబారుతుంది, కాళ్లు లావెక్కుతాయి. మూడో నెలకు నడుము దగ్గర, మెడ మీద సన్నగా మొన తేలిన ఈకలు వస్తాయి. పెట్టకు అక్కడ గుండ్రటి కొసలుంటాయి. అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడు జాతుల్లో మాత్రం నేనూ బోల్తా పడ్డాను. అసీల్‌కు తురాయి నెత్తికి అతుక్కున్న బుడిపెల్లా చిన్నగా ఉంటుంది, దాన్ని నమ్ముకుంటే పందెం పుంజును గుడ్ల కోసం పెంచుతారు. కడక్‌నాథ్‌కు తురాయే నల్లగా ఉంటుంది, ఎరుపు కోసం చూసి లాభం లేదు. బోసిమెడ కోడికి మెడ ఈకలే లేవు, నడుము ఈకలు వచ్చేదాకా ఆగాల్సిందే.

జాతరల్లో, బస్టాండ్ల దగ్గర పిల్లలకు కొనిచ్చే ఆకుపచ్చ, గులాబి రంగు కోడిపిల్లల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. గుడ్ల జాతి హ్యాచరీల్లో ఏరి పక్కన పెట్టిన మగపిల్లలకే ఎక్కువగా ఆ రంగు పూస్తారు. వాటి నుంచి గుడ్లు ఆశించకండి.

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్నకు వస్తాను.

అపోహ: సైజు చూస్తే వయసు తెలిసిపోతుంది.

దీనికి నేను పెట్టిన ఖర్చు నాకింకా గుర్తుంది. ఒక సంతలో "రెండు నెల్లు నిండిన పిల్లలు, ఇంక లైట్లు గీట్లు అక్కర్లేదు" అంటే నమ్మి ముప్పై కొన్నాను. నాటు పిల్లల లెక్కన చూస్తే నిజంగానే రెండు నెలల సైజు. తెచ్చిన రెండో రోజే కొక్కెర తెగులుకు ఆర్‌2బి టీకా వేయించాను. వారంలో కొన్ని మెడలు తిప్పుకుంటూ, కాళ్లు పడిపోయి చనిపోయాయి. తర్వాత ఆరా తీస్తే అవి గిరిరాజా కలిసిన పిల్లలు, వయసు ఐదు వారాలు. త్వరగా పెరిగే జాతి ఐదు వారాలకే నాటు పిల్ల రెండు నెలల సైజుకు వస్తుంది. ఆర్‌2బి గట్టి టీకా. ఎనిమిది వారాలప్పుడు, అదీ ముందు లసోటా అనే మెల్లటి టీకా చుక్కలు పడిన పిల్లలకు వెయ్యాల్సింది. లేత పిల్లకు వేస్తే టీకానే జబ్బవుతుంది.

వాస్తవం: వయసు ఈకలు చెబుతాయి, బరువు కాదు. ముక్కు కొన మీద తెల్లటి చిన్న పొక్కు ఉంటే అది రెండు మూడు రోజుల పిల్ల. పెంకు పగలగొట్టడానికి వచ్చిన ఆ పొక్కు ఆ తర్వాత ఊడిపోతుంది. బొడ్డు ఆరిందో లేదో కూడా చూడండి. ఒళ్లంతా నూగే ఉండి రెక్కల్లో మాత్రం ఈకలు కనిపిస్తే వారం లోపు. తోక మొలకెత్తితే వారం, పది రోజులు. భుజాలు, రొమ్ము కమ్ముకుంటే రెండు మూడు వారాలు. వీపు నిండి, తల మీద, మెడ మీద ఇంకా నూగు మిగిలుంటే నాలుగైదు వారాలు. రెండు నెలల పిల్లకు తల మీద నూగు ఉండకూడదు. రెక్క విప్పితే లోపలి వైపు రెండు మూడు పెద్ద ఈకలు రాలి కొత్తవి మొలుస్తూ కనిపించాలి. నాటు పిల్లల్లో ఇవి కొన్ని రోజులు అటూ ఇటూ అవుతాయి, కానీ ఐదు వారాల్ని ఎనిమిదని నమ్మించేంత తేడా రాదు. సంతలో నేను ఆ రోజు ఒక్క పిల్ల తల మీద చెయ్యి పెట్టి చూసినా సరిపోయేది.

బ్రూడర్ వేడీ వయసు మీదే నడుస్తుంది. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గిస్తూ పోతాం. పది రోజుల పిల్లను నెల పిల్ల అని చెప్పి అంటగడితే, తిరుపతి చలికాలం రాత్రి లైటు లేకుండా గంపకింద మూసిన పిల్లలు తెల్లారేసరికి ఒకదాని మీద ఒకటి పడి నలిగి చచ్చిపోతాయి. పుంజా పెట్టా అన్న పొరపాటుకు మీకు పోయేవి గుడ్లే. వయసు పొరపాటుకు పిల్లలే పోతాయి.

అందుకే ఇప్పుడు నా దగ్గర నుంచి వెళ్లే ప్రతి అట్టపెట్టె మీదా పిల్లలు పుట్టిన తేదీ మార్కర్‌తో పెద్దగా రాస్తున్నాను. మొన్న ఒకతను పెట్టెను తిప్పి తిప్పి చూసి, "అక్కా, ఇది ఎక్స్‌పైరీ డేటా?" అన్నాడు. కాదు, పుట్టినరోజు అన్నాను. "ఓహో" అని తలూపి, ఒక పిల్లను చేతిలోకి తీసుకుని, "ఇది పుంజా, పెట్టా?" అని అడిగాడు.